ఏ నేలమీదనైనా నడిచే బండి – గుణదోష విచారణ

ఒక యంత్రాన్ని విచారించేటప్పుడు మొదట దాని పేరును విచారించడం మంచిది. నీటి పంపు, నూర్పిడి యంత్రం వంటి పేర్లు ఆ యంత్రం చేసే పనిని మాత్రమే చెబుతాయి. ఇంగ్లీషులో ‘ఆల్ టెరైన్ వెహికిల్’ అనీ, పొడి అక్షరాలలో ఏ.టి.వి. అనీ, వాడుకలో క్వాడ్ బైక్ అనీ పిలవబడే చిన్న బండి పేరు అటువంటిది కాదు. ‘అన్ని రకాల నేలలమీదా నడిచే వాహనం’ అని ఆ పేరుకు అర్థం. అందులో ఒక వాగ్దానం ఉన్నది. ఆ వాగ్దానం ఎంతవరకు నిజం అన్నదే ఈ విచారణకు విషయం.

ఈ బండి అర్ధ శతాబ్దానికి పైగా వాడుకలో ఉన్నది. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, అమెరికా దేశాల పశుపోషకులకు అది గుర్రానికి బదులుగా ఉపయోగపడుతున్నది. అదే బండి క్రింద పడి ఆ దేశాలలో ప్రతి సంవత్సరమూ మనుషులు చనిపోతున్నారు. ఇంత మేలూ ఇంత కీడూ ఒకే యంత్రం వలన ఎట్లు కలుగుతున్నాయి? దీనికి జవాబు హైస్కూలు భౌతికశాస్త్రంలోనే దొరుకుతుంది.

బండి స్వరూపం, పుట్టుక

మోటారు సైకిలు మీద వలె చెరొకవైపు కాలు వేసి కూర్చునే ఆసనం, రెండు చేతులతో త్రిప్పే హ్యాండిలు, బొటనవ్రేలితో నొక్కే థ్రాటిల్, మెత్తని వెడల్పాటి టైర్లు—ఇదీ ఈ బండి స్వరూపం. పనికి ఉద్దేశించిన రకానికి ముందువైపున, వెనుకవైపున ఇనుప కమ్మీలతో చేసిన సామాను అరలు ఉంటాయి. చిన్న ట్రెయిలరును తగిలించుకోవడానికి వెనుక ఒక కొక్కెం ఉంటుంది. ఈ రకపు బండ్లు సాధారణంగా 250 నుండి 350 కిలోగ్రాముల బరువు తూగుతాయి.

దీని పూర్వరూపం 1970లో జపాను దేశపు హోండా కంపెనీ అమెరికాలో అమ్మకానికి పెట్టిన మూడు చక్రాల బండి. దాని ఇంజను 90 ఘన సెంటీమీటర్ల లోపుది. మంచు కురిసే నెలలలో మోటారు సైకిళ్ళు అమ్ముడుపోక దుకాణాలవారు ఇబ్బంది పడుతుండేవారు. చలికాలంలో కూడా అమ్ముకోదగిన వస్తువు ఒకటి కావాలని వారు కోరగా, బుడగలవలె ఉబ్బిన పెద్ద టైర్లు గల ఈ బండిని తయారుచేశారు. కనుక దీని మొదటి ప్రయోజనం వినోదం. వ్యవసాయం తరువాత వచ్చింది. మంచుమీద, ఇసుకమీద సరదాగా నడిపినవారిలో రైతులు కూడా ఉన్నారు. వారు దానిని తమ పొలాలకు తీసుకొనిపోయారు. 1982లో సుజుకి కంపెనీ నాలుగు చక్రాల బండిని తెచ్చింది. 1986లో హోండా కంపెనీ నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండిని తెచ్చిన తరువాత ఇది అసలైన పని యంత్రమైనది.

వినోదం కొరకు పుట్టి పనిలోకి వచ్చిన యంత్రం ఇది. తరువాత వచ్చిన చిక్కులు పెక్కింటికి మూలం ఇక్కడనే ఉన్నది.

గుణాలు

దీని గుణాలలో ముఖ్యమైనది టైరు. గాలి నింపిన టైరు నేలమీద కలిగించే పీడనం దాదాపుగా దానిలోని గాలి పీడనానికి సమానంగా ఉంటుంది. కారు టైరులో చదరపు అంగుళానికి సుమారు 30 పౌన్ల గాలి ఉంటే, ఈ బండి టైరులో చాలావరకు 3 నుండి 7 పౌన్లే ఉంటుంది. 5 పౌన్లు అనగా చదరపు సెంటీమీటరుకు దాదాపు 0.35 కిలోగ్రాము. 70 కిలోల మనిషి ఒంటికాలిమీద నిలబడినప్పుడు, పాదం 200 చదరపు సెంటీమీటర్ల మేర ఆనితే, నేలమీద పడే పీడనమూ అంతే. అంటే మనిషి నడవగలిగినంత మెత్తని నేలమీద ఈ బండి కూడా దిగబడకుండా నడవగలదు. అదే నేలమీద కారు చక్రం కూరుకొనిపోతుంది.

రెండవ గుణం దాని ఇరుకుదనం. కాలిబాటలగుండా, గొర్రెల దొడ్డి తలుపులగుండా, చెట్ల వరుసల మధ్యగా అది పోగలదు. మూడవది వెనుక ఇరుసు. పెక్కు క్వాడ్ బైకులలో వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించబడి ఉంటాయి. కారులో ఉండే డిఫరెన్షియల్ ఉండదు. అందువలన ఒక చక్రం బురదలో జారినా రెండవ చక్రం బండిని లాగుతుంది.

ఈ మూడు గుణాల వలన కొండచరియల మీద మేసే గొర్రెలను మళ్ళించడం, కంచెలు సరిచూడడం, కలుపు మందు చల్లడం, దాణా మోయడం వంటి పనులు ఒక్క మనిషితో జరిగిపోతున్నాయి. పూర్వం గుర్రం మీద ఒక పూట పట్టిన పని గంటలో ముగుస్తున్నది. ఈ ప్రయోజనాన్ని తక్కువచేసి చెప్పడం న్యాయం కాదు. ఆ దేశాలలో రైతులు ప్రమాదం తెలిసి కూడా దీనిని వదలకపోవడానికి కారణం ఇదే.

మొదటి దోషం: మూడు చక్రాలు

గరిమనాభి నుండి క్రిందికి గీసిన నిలువు గీత ఆధారపు హద్దులలో ఉన్నంతవరకు వస్తువు పడదని విద్యార్థులు చదువుకుంటారు. నాలుగు చక్రాల బండికి ఆధారం దీర్ఘచతురస్రం. మూడు చక్రాల బండికి ఆధారం త్రిభుజం. దాని కొన ముందువైపున ఉంటుంది. గరిమనాభి ముందు చక్రానికీ వెనుక ఇరుసుకూ సరిగా నడుమ ఉన్నదనుకుంటే, అక్కడ త్రిభుజపు వెడల్పు వెనుక ఇరుసు వెడల్పులో సగమే. పల్లంలో బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది. అక్కడ త్రిభుజం మరింత ఇరుకుగా ఉంటుంది. బండి పక్కకు దొర్లడానికి ఇంతకంటె అనుకూలమైన ఏర్పాటు ఉండబోదు.

1980 తరువాతి సంవత్సరాలలో అమెరికాలో ఈ బండ్ల వలన మరణాలు, గాయాలు విపరీతంగా పెరిగాయి. అక్కడి వినియోగ వస్తు భద్రతా కమిషన్ తయారీదారులమీద దావా వేసింది. 1988లో కోర్టు ఆమోదంతో కుదిరిన ఒప్పందం ప్రకారం కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆగిపోయినది. నాలుగు చక్రాల బండ్లు కొనేవారికి శిక్షణ ఇప్పించడానికి, హెచ్చరిక పట్టీలు అతికించడానికి, పిల్లలకు పెద్ద బండ్లు అమ్మకుండా చూడడానికి కంపెనీలు ఒప్పుకొన్నాయి. ఒప్పందం గడువు పది సంవత్సరాలు. తరువాత 2008లో చేసిన చట్టం కొత్త మూడు చక్రాల బండ్ల దిగుమతిని, అమ్మకాన్ని నిషేధించింది.

మూడు చక్రాల బండి విషయంలో యంత్రానిదే తప్పని ఇట్లు తేలినది. కాని నాలుగు చక్రాల బండి విషయంలో వాదం మరొక దారి పట్టింది. బండి మంచిదే, నడిపేవానికి నేర్పు చాలలేదు అన్నారు. ఈ వాదాన్ని లెక్కతో పరీక్షించవలసి ఉన్నది.

నాలుగు చక్రాల లెక్క

ఒక నమూనా బండిని ఊహించుకుందాం. దాని బరువు 280 కిలోలు. ఎడమ, కుడి చక్రాల నడుమ దూరం 92 సెంటీమీటర్లు, అందులో సగం 46. బండి గరిమనాభి నేలనుండి 50 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నది. సగం వెడల్పును గరిమనాభి ఎత్తుతో భాగిస్తే వచ్చేది స్థిరత్వ నిష్పత్తి. ఇక్కడ అది 0.92. ఏ కోణపు టాంజెంట్ 0.92 అవుతుందో, పక్కవాలు ఆ కోణానికి చేరినప్పుడు బండి దొర్లుతుంది. ఆ కోణం సుమారు 42.6 డిగ్రీలు.

ఇప్పుడు 80 కిలోల మనిషి ఎక్కాడు. ఎత్తుగా కూర్చున్న అతని గరిమనాభి నేలకు 105 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నది. మనిషీ బండీ కలిసిన గరిమనాభి 62 సెంటీమీటర్లకు పెరుగుతుంది, కోణం 36.5 డిగ్రీలకు దిగుతుంది. అతడు 100 లీటర్ల మందునీటి తొట్టిని అరలమీద పెట్టాడు. అది 100 కిలోల బరువు, ఎత్తు 100 సెంటీమీటర్లు. ఇప్పుడు గరిమనాభి 70 సెంటీమీటర్లు, కోణం 33.1 డిగ్రీలు. గడ్డి ఎత్తుగా వేసిన ఎద్దుబండి కాలువగట్టు దిగేటప్పుడు బండివాడు ఎందుకు జాగ్రత్తపడతాడో తెలిసినవారికి ఈ లెక్క కొత్త కాదు.

ఇది గట్టి దిమ్మవంటి బండికి వేసిన లెక్క. నిజమైన బండిలో పల్లపువైపు మెత్తని టైరు నలుగుతుంది, స్ప్రింగులు కుంగుతాయి, బండి మరికొంత ఒరుగుతుంది. కనుక అసలు కోణం ఇంకా తక్కువ. తొట్టి సగమే నిండి ఉంటే నీరు పల్లపువైపుకు చేరి గరిమనాభిని పక్కకు లాగుతుంది. పైచక్రం ఒక రాతిమీదికి ఎక్కినా, క్రిందిచక్రం గుంతలో దిగినా వాలు ఆ క్షణానికి కొన్ని డిగ్రీలు పెరుగుతుంది. నిండు తొట్టి మోసే దిట్టమైన బండి అని ప్రకటనలో చూపబడిన గుణమే, పక్కవాలులో స్థిరత్వాన్ని హరించే దోషం.

సమతలం మీద కూడా నిశ్చింతగా ఉండడానికి వీలులేదు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో 6 మీటర్ల వ్యాసార్ధం గల మలుపు తిరిగితే, బండిని పక్కకు త్రోసే అపకేంద్ర బలం దాని బరువులో 0.52 వంతు ఉంటుంది. వేగం 25 కిలోమీటర్లయితే అది 0.82 వంతు. వేగం పావువంతే పెరిగింది. బలం ఒకటిన్నర రెట్లు దాటింది. వేగపు వర్గాన్నిబట్టి బలం పెరుగుతుంది గనుక ఇట్లు జరుగుతుంది. ఈ భాగం బండి స్థిరత్వ నిష్పత్తిని మించినప్పుడు లోపలి చక్రాలు నేలనుండి లేస్తాయి.

వదులు మట్టిమీద సాధారణంగా అంతదూరం రాదు. అక్కడ ఘర్షణ తక్కువ కనుక బండి దొర్లడానికి ముందే టైర్లు పక్కకు జారుతాయి. తారు రోడ్డుమీద టైరు గట్టిగా పట్టుకుంటుంది. జారవలసిన బండి దొర్లుతుంది. పైగా డిఫరెన్షియల్ లేని ఇరుసు ఉన్నది. 92 సెంటీమీటర్ల వెడల్పు గల బండి లంబకోణంలో మలుపు తిరగడానికి బయటి చక్రం లోపలి చక్రంకంటె సుమారు 145 సెంటీమీటర్లు ఎక్కువ దూరం పోవాలి. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉన్నప్పుడు ఒకటి జారక తప్పదు. మట్టి అందుకు ఒప్పుకుంటుంది, తారు ఒప్పుకోదు. తారు రోడ్లమీద నడపరాదని ఈ బండ్లమీద తయారీదారులే హెచ్చరిక అతికిస్తారు. అన్ని నేలలమీదా నడిచే బండి అన్నిటికంటె చదునైన నేలమీదనే తగదని దీని అర్థం.

నేర్పు విలువ ఎంత?

నడిపేవాడు ఊరకే కూర్చోరాదు, శరీరాన్ని ఎగువవైపుకు వంచి బండిని నిలబెట్టాలి అని శిక్షకులు చెబుతారు. మలుపులలో లోపలివైపుకు వంగాలి. ఇది సరైన సలహాయే. దాని విలువను కూడా లెక్కవేయవచ్చును. నమూనా బండిమీద 80 కిలోల మనిషి తన గరిమనాభిని 20 సెంటీమీటర్లు ఎగువకు జరిపితే, మనిషీ బండీ కలిసిన గరిమనాభి 4.4 సెంటీమీటర్లు జరుగుతుంది. దొర్లే కోణం 36.5 నుండి 39 డిగ్రీలకు పెరుగుతుంది. లాభం రెండున్నర డిగ్రీలు. తొట్టి కూడా ఉన్నప్పుడు లాభం రెండు డిగ్రీలలోపే. తొట్టి వలన పోయిన స్థిరత్వం మూడు డిగ్రీలకు పైగా ఉన్నది. అంటే ఎంత నేర్పరియైనా ఆ బరువు చేసిన నష్టాన్ని పూర్తిగా తీర్చలేడు.

దీనికి బదులుగా బండి వెడల్పును ఇరువైపులా ఐదేసి సెంటీమీటర్లు పెంచితే ఎట్లుంటుంది? కోణం 39 డిగ్రీలు దాటుతుంది. మనిషి ఒళ్ళు వంచి సాధించినంత స్థిరత్వం ఆ కాస్త ఇనుము ఇస్తుంది. పైగా మనిషి అలసిపోతాడు. ఒక చేత్తో మందుగొట్టం పట్టుకొని, వెనుదిరిగి మందను చూస్తూ, పొద్దుగూకే వేళ ఇంటికి తొందరపడతాడు. ఇనుముకు ఆ అవస్థలు లేవు. వెడల్పు పెరిగితే ఇరుకు దారులలో పోయే సౌకర్యం కొంత తగ్గుతుంది. ఆ ఖరీదు చెల్లించడానికి ఒప్పుకోవడమా, మనిషి నేర్పుమీద భారం వేయడమా అన్నదే తయారీదారుల ఎదుట ఉన్న ప్రశ్న. చాలాకాలం వారు రెండవ దారినే పట్టారు.

యంత్రాన్ని దిద్దిన అనుభవాలు

ఈ వివాదం కొత్తది కాదు. ట్రాక్టర్ల విషయంలో ఇదివరకే జరిగినది. ట్రాక్టరు తిరగబడి రైతు నలిగిపోవడం అతని అజాగ్రత్తగానే పూర్వం భావించేవారు. 1959లో స్వీడన్ దేశం కొత్త ట్రాక్టర్లన్నిటికీ, తిరగబడినా మనిషిని నలగనీయని గట్టి ఉక్కు చట్రం ఉండితీరాలని నిబంధన చేసింది. తరువాతి దశాబ్దాలలో ఆ దేశంలో ట్రాక్టరు తిరగబడి చనిపోవడం దాదాపు కనుమరుగైనది. స్వీడన్ రైతులు ఒక్కసారిగా నేర్పరులైనారని ఎవరూ అనలేదు. మన దేశంలో పెక్కు ట్రాక్టర్లకు నేటికీ అటువంటి చట్రం లేదన్న సంగతి ఇక్కడ జ్ఞాపకం చేసుకోదగినది.

క్వాడ్ బైకు విషయంలో ఈ పాఠాన్ని గట్టిగా అమలుపరచినది ఆస్ట్రేలియా. అక్కడ సగటున ఏడాదికి 16 మంది ఈ బండ్ల ప్రమాదాలలో చనిపోతుండేవారు. అందులో సగానికి పైగా బండి దొర్లడం వలననే. దొర్లిన బండి మీదపడి కదలలేక, ఛాతీ నొక్కుకొని ఊపిరాడక పోయినవారు అందులో ఎందరో ఉన్నారు. ఒంటరిగా పనిచేసేవానికి బండిని లేవనెత్తి రక్షించే తోడు ఉండదు. న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు వేరువేరు బండ్లను వాలుబల్లమీద ఒరగబెట్టి, మలుపులు తిప్పి, స్థిరత్వాన్ని కొలిచి పోల్చారు. బండికీ బండికీ స్థిరత్వంలో చెప్పుకోదగినంత తేడా ఉన్నదని అందులో తేలినది. నేర్పు ఒక్కటే కారణమన్న వాదానికి ఇది పెద్ద దెబ్బ.

2019లో ఆ దేశ ప్రభుత్వం భద్రతా ప్రమాణాన్ని ప్రకటించింది. 2020 అక్టోబరు నుండి అమ్మే ప్రతి కొత్త బండికీ, అది ఎన్ని డిగ్రీల పక్కవాలులో రెండు చక్రాలమీదికి లేస్తుందో తెలిపే చీటీ వ్రేలాడదీయాలి. 2021 అక్టోబరు నుండి వ్యవసాయపు పనికి వాడే రకాలు 28.81 డిగ్రీలలోపు పక్కకు ఒరగరాదు. ముందుకుగాని వెనుకకుగాని 38.65 డిగ్రీలలోపు లేవరాదు. ఈ అంకెలు వింతగా కనిపించినా వాటి వెనుక ఉన్నది పైన చెప్పిన నిష్పత్తియే. మొదటిదాని టాంజెంట్ 0.55, రెండవదానిది 0.8. ఇవి కాక, ఆసనం వెనుక ఒక రక్షక కమాను తప్పనిసరి. బండి తిరగబడితే అది నేలకు ఆని, మనిషి ఇరుక్కోకుండా కొంత ఖాళీ మిగులుస్తుంది.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. కమానుకే మనిషి కొట్టుకొని గాయపడవచ్చునని తయారీదారులు వాదించారు. కంప్యూటరు లెక్కలు చూపించారు. కొన్ని పెద్ద కంపెనీలు ఆ దేశంలో పనిబండ్ల అమ్మకాన్నే మానుకొన్నాయి. ఈ వాదంలో కొంత సత్యం ఉన్నది. ఏ రక్షక సాధనమూ అన్ని ప్రమాదాలలోనూ మేలే చేస్తుందని చెప్పలేము. అయితే తూచవలసినది ఒక్కొక్క ప్రమాదాన్ని కాదు, మొత్తాన్ని. బండి క్రింద నలిగి పోయేవారే ఎక్కువగా ఉన్నప్పుడు, నలగనీయని సాధనం వైపే తూకం మొగ్గుతుంది. ఈ ప్రమాణంలోని అసలు లోపం మరొకటి. అది కొత్త బండ్లకూ, దిగుమతి అయ్యే పాత బండ్లకూ మాత్రమే వర్తిస్తుంది. రైతుల కొట్టాలలో ఇదివరకే ఉన్న బండ్లు అట్లే ఉన్నాయి.

పక్కపక్కన ఇద్దరు కూర్చునే మరొక రకపు బండి కూడా ఉన్నది. దానికి స్టీరింగు చక్రం, పైన ఉక్కు చట్రం, నడుముకు బెల్టు ఉంటాయి. దానిని దొర్లని బండిగా భావించడం కూడా పొరపాటే. అటువంటి బండ్లలో ఒకటైన యమహా రైనో విషయంలో 2009లో అమెరికాలో ఉచిత మరమ్మతు కార్యక్రమం జరిగినది. వెనుక చక్రాలకు ఎడం బిళ్ళలు వేసి వెడల్పు పెంచడం ఆ మరమ్మతులో ఒక భాగం. సగం వెడల్పును ఎత్తుతో భాగించే లెక్క అక్కడ కూడా పనిచేసినది. ఇక బెల్టు పెట్టుకోకపోతే, దొర్లేటప్పుడు మనిషి బయటికి జారి ఆ చట్రం క్రిందనే పడతాడు.

పని మానితే వినోదం

పనిరోజులలో గొర్రెల వెంట తిరిగిన బండినే సెలవురోజున అడవిబాటలలో, ఇసుకదిబ్బలలో స్వారీకి తీస్తారు. పనిలో వేగం తక్కువ, బరువు ఎక్కువ. స్వారీలో బరువు తక్కువ, వేగం ఎక్కువ. ఒకటి వాలుచేత, మరొకటి మలుపుచేత దొర్లిస్తుంది. పెద్ద పొడవైన ఆసనం ఉన్నదని రెండవ మనిషిని ఎక్కించుకోవడం స్వారీలో సాధారణం. ఆ పొడవు నడిపేవాడు ముందుకు వెనుకకు జరగడానికి ఉద్దేశించినది. ఒక్కరికే చేసిన బండిమీద మరొకరు ఎక్కితే గరిమనాభి పైకి, వెనుకకు పోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ముందుచక్రాలు లేస్తాయి.

మిక్కిలి విచారించవలసినది పిల్లల సంగతి. అమెరికాలో 1982 మొదలు మూడు దశాబ్దాలలో నమోదైన మరణాలలో దాదాపు నాలుగవ వంతు పదహారేండ్లు నిండనివారివి. 35 కిలోల పిల్లవాడు 20 సెంటీమీటర్లు జరిగితే నమూనా బండిమీద కలిసిన గరిమనాభి 2.2 సెంటీమీటర్లే జరుగుతుంది, పెద్దవాని విషయంలో జరిగిన దానిలో సగం. అతనికి ఎంత శిక్షణ ఇచ్చినా శరీరానికి లేని బరువు రాదు. మీదపడిన 280 కిలోల బండిని త్రోసుకొని లేవగలిగిన శక్తీ ఉండదు.

నేల కూడా ఈ స్వారీ వలన నష్టపోతుంది. మెత్తని టైరు నేలను గట్టిగా నొక్కదన్న మాట నిజమే. కాని గిరగిర తిరుగుతూ జారే చక్రం గడ్డిని వేళ్ళతో పెరుకుతుంది. ఒకే బాటలో నూరు బండ్లు పోతే వాననీరు ఆ చాళ్ళవెంట పారి నేలను కోస్తుంది. అమెరికాలో ప్రభుత్వ భూములలో ఇటువంటి వాహనాల సంచారాన్ని హద్దులో పెట్టడానికి అధ్యక్షుడు 1972లోనే ఉత్తర్వు జారీచేయవలసి వచ్చినది. అప్పటికి క్వాడ్ బైకు ఇంకా పుట్టలేదు.

మన తరగతి గదికి

మన దేశంలో కచ్ రణ్ వంటి ఉప్పునేలలలో సరిహద్దు భద్రతా దళం గస్తీకి ఈ బండ్లను వాడుతున్నది. అది తగిన వాడుకయే. విహారస్థలాలలో కొద్ది రుసుముతో ఎవరినైనా, పిల్లలనైనా ఎక్కించి తిప్పడం గురించి ఆ మాట చెప్పలేము. ఇంకొక వైపు, 2007 నుండి జరుగుతున్న బాజా ఎస్.ఏ.ఈ. ఇండియా పోటీలలో ఇంజనీరింగ్ విద్యార్థులు తామే ఇటువంటి బండ్లను రూపొందించి నడుపుతున్నారు. తెలుగునాటి కళాశాలల జట్లు కూడా అందులో పాల్గొంటున్నాయి. మనిషి చుట్టూ ఉక్కు గొట్టాల పంజరం, భుజాలమీదుగా బిగించే పట్టీలు ఆ పోటీలో ప్రవేశానికే షరతు. విద్యార్థి చేసిన బండికి తప్పనిసరియైనది, దుకాణంలో కొన్న బండికి చాలా దేశాలలో ఐచ్ఛికంగా ఉన్నది.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని ఒక చెక్కపలక, ఒక బొమ్మబండి, ఒక కోణమానినితో తరగతిలో చూపవచ్చును. జారకుండా పలకకు ఒక సన్నని అంచు కొట్టి, బండిని అడ్డంగా నిలిపి, పలకను మెల్లగా ఎత్తాలి. పైచక్రాలు లేచిన కోణాన్ని గుర్తించాలి. తరువాత బండిమీద అగ్గిపెట్టెలు పేర్చి, వాటిపై ఒక బరువును కట్టి మళ్ళీ కొలవాలి. చక్రాలను కొంచెం వెడల్పు చేసి మూడవసారి కొలవాలి. వచ్చిన కోణాలను టాంజెంట్ లెక్కతో పోల్చితే, కొలత ఎందుకు కొంత తక్కువ వచ్చిందో కూడా విద్యార్థులు తామే చెప్పగలుగుతారు. ఆస్ట్రేలియా ప్రయోగశాలలో జరిగిన పరీక్షకు, ఈ పరీక్షకు సూత్రంలో భేదం లేదు.

ఇక తీర్పు. క్వాడ్ బైకు చెడ్డ యంత్రం కాదు. మెత్తని నేలమీద, తక్కువ వేగంతో, తక్కువ బరువుతో, శిరస్త్రాణం ధరించిన ఒక పెద్దమనిషి నడిపే పనిబండిగా దానికి సాటి తక్కువ. అన్ని నేలలమీదా, అందరి చేతులలో, అన్ని బరువులతో నడుస్తుందన్న వాగ్దానం మాత్రం నిలబడదు. దాని సద్గుణాలైన తేలికదనం, ఎత్తు, ఇరుకుదనం, మెత్తని టైరు, బిగించిన ఇరుసు—ఇవే పరిస్థితి మారినప్పుడు దోషాలవుతున్నాయి. అటువంటప్పుడు శిక్షణ అవసరమే. అది యంత్రంలోని లోటును పూడ్చదు. కొనేవాడు ఇంజను శక్తిని, రంగును అడిగే ముందు అడగవలసిన ప్రశ్నలు రెండు ఉన్నాయి: మనిషితో, సామానుతో కలిసి ఇది ఎన్ని డిగ్రీల వాలులో దొర్లుతుంది? దొర్లితే క్రింద మనిషికి చోటు మిగులుతుందా? ఈ రెండింటికీ చీటీమీద జవాబు వ్రాసి ఇవ్వలేని బండిని పొలానికి తీసుకొనిపోకపోవడమే మేలు.